నా నడుము మీద పడకుండా ఆగిన కాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒంటి చెప్పుతో బడికి పోయిన పంతులమ్మను ఎప్పుడైనా చూసినారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే! ఆళ్లగడ్డలో ఆటో దిగి, మండే ఎండలో నడిచి, రెండో తరగతిలో హాజరు పిలుస్తా ఉంటే ముందు బెంచీ పాప లేచి, "టీచర్, నీ ఎడంకాలి చెప్పు యాడ?" అనింది. కిందికి చూస్తే నిజంగానే లేదు! చెప్పు పోయిందని కాలు నాకు చెప్పనే లేదు, అంత కాలిన రోడ్డు మీద నడిచినా చెప్పలేదు, అరికాలంతా బొబ్బలు! పిల్లలు నవ్వినారు, నేనూ నవ్వినాను గానీ, లోపల గుండె జారి ఆ చెప్పు వెనకాలే పోయింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేండ్లు. రెండు నెలలుగా నడుము నొస్తా ఉన్నా పట్టించుకోలేదు, ఎందుకంటే నేను ఎదురుకాళ్ళతో, అంటే తలకంటే ముందు కాళ్ళు బయటికొచ్చి, పుట్టినదాన్ని. అట్ల పుట్టినవాళ్ళు మూడుసార్లు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మా పక్క నమ్మకం. ఊహ తెలిసినప్పటి నుంచి మా వీధిలో నేను తొక్కని నడుము లేదు! ఆదివారం ఆరాధన అయినాక పెద్దవాళ్ళు చాప మీద బోర్లా పడుకునేవాళ్ళు, పాస్టరమ్మ నడుము కూడా తొక్కినాను, దేవుడు క్షమించునుగాక! ఇంతమందిని బాగుచేసినదానికి నా నడుమేం లెక్క అనుకున్నాను. నడుము వంగలేదు గానీ, అంతకంటే ముందు వంగనిది నా గర్వం.

అమ్మ బొబ్బలకు మందు రాస్తా, "ఊరందరినీ తొక్కితివి, ఇప్పుడు నిన్ను తొక్కేవాళ్ళు యాడుండారే?" అనింది. నాయన మరుసటి పొద్దున్నే చాగలమర్రికి పోయి ఓబులేసన్నను పిలుచుకొచ్చినాడు. ఆయన లారీ నడుపుతాడు, ఆయనదీ ఎదురుకాళ్ళ పుట్టుకే, గడపలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అంత మనిషి! "ఏం పాపా, నువ్వూ మన బాపతేనంట గదా!" అని నవ్వి నన్ను బోర్లా పడుకోమన్నాడు. నేను పండ్లు బిగబట్టి, కండ్లు మూసుకొని ఎదురుచూస్తాండా, కాలు పడలేదు.

"తెలస్తాందా పాపా?" అన్నాడు.

"ఏందన్నా?"

"లారీ తాళంచెవితో నీ అరికాలు గీరినా గదా."

"ఎప్పుడు గీరినావన్నా!"

సహోదరులారా, ఆయన నాయన తట్టు తిరిగి, "పెద్దాయనా, గీరితే ముడుచుకోని కాలుంటే ఆ మనిషిని తొక్కకూడదని మా యమ్మ చెప్పింది. నేను తొక్కను. బేగా నంద్యాలకు తీసుకపో" అన్నాడు. నాయన, "ఇంత దూరం వచ్చినావు, మెల్లగా ఒక్కసారి తొక్కి పోప్పా" అని బతిమాలినాడు. నేనూ బతిమాలినాను! ఆయన చెప్పులేసుకొని బయటికి పోయినాడు.

ఆ పొద్దే నంద్యాలలో స్కానింగు తీసినారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ జారి, కాళ్ళకు పోయే నరాలను నొక్కేస్తాందని, వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినాడు. "నాకు ఇరవై నాలుగే సార్!" అన్నాను, ఆయనేదో నా వయసు తప్పు రాసుకున్నట్టు. "ఆ బిళ్ళకు నీ వయసు తెలీదమ్మా. ఎవరైనా నడుము తొక్కినారా?" అని అడిగినాడు. లేదన్నాను. "తొక్కింటే రెండు కాళ్ళూ పడిపోయేవేమో" అన్నాడు. అన్నేండ్లుగా ఎవరి అరికాలూ గీరకుండా, ఏమీ అడగకుండా, ఎంతమంది నడుముల మీద ఎక్కి నిలబడ్డానో ఒక్కొక్క ముఖమూ కండ్ల ముందర తిరిగింది.

ఆపరేషన్‌కు తీసుకపోతా ఉంటే ఇట్లా ప్రార్థించినాను: "ప్రభువా, ఎదురుకాళ్ళతో పుట్టినాను గానీ నీకు ఎదురు చెప్పేదాన్ని కాదయ్యా. నా కాళ్ళ వల్ల ఎవరికైనా కీడు జరిగింటే క్షమించు. ఈ కాళ్ళు నాకు తిరిగియ్యి, ఇంకెవరినీ తొక్కను." మెలకువ వచ్చేసరికి అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చొని ఏడుస్తా ప్రార్థన చేస్తాంది, చేస్తా చేస్తా గోటితో నా ఎడమ అరికాలు గీరింది, చక్కిలిగింత పుట్టి కాలు దానంతటదే ముడుచుకుంది! అమ్మ స్తోత్రమని అరిచిన అరుపుకు నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. దేవునికే మహిమ!

ఎడంకాలి చిటికెనవేలు ఇప్పటికీ మొద్దుబారే ఉండాది, నా గర్వానికి గుర్తుగా దేవుడు దాన్ని అట్లే ఉంచినాడేమో. ఇప్పటికీ నడుము పట్టిందని కొందరు మా ఇంటికొస్తారు, నేను తొక్కను, అరికాలు గీరి చూసి, ముడుచుకున్నా ముడుచుకోకపోయినా డాక్టరు దగ్గరికే పంపిస్తాను. ఓబులేసన్న మన సంఘం మనిషి కాడు, మన పాటలు రావు, అయినా నా దేవుడు ఆయన కాలు నా మీద పడకుండా ఆపినాడని నేను ఈ రెండు కాళ్ళ మీద నిలబడి చెప్తాండాను.

ప్రియులారా, నొప్పి ఉన్నన్నాళ్ళు మనం దేవుణ్ణి పిలుస్తాము, నాకైతే నొప్పి కూడా తెలియని రోజు వచ్చింది. మీలో ఎవరి హృదయమన్నా అట్ల మొద్దుబారింటే, సిగ్గుపడకండి, ఆయన ముందర బోర్లా పడండి. ఆయన తొక్కేవాడు కాడు. ముందు మెల్లగా గీరి, "తెలస్తాందా?" అని అడిగేవాడు.