గెడ బరువెక్కిన క్షణం

నాకు పెళ్లయిన కొత్తలో, ఒక కార్తీకమాసం ఉదయం మావారితో కొల్లేరులో చేపల వేటకు వెళ్లాను. ఆయన పొడవాటి వెదురు గెడతో దోనె నడుపుతుంటే, వెనక నీళ్లలో సాగుతున్న గాలం తాడు నేను పట్టుకున్నాను.

ఉన్నట్టుండి చేప తాడును బలంగా లాగింది. గెడ దోనెలో పడేసి తాడు అందుకోబోయిన ఆయన నీళ్లలో పడిపోయారు. నీళ్ల మీద దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క ఆకులు ఆయన మీద మూసుకుపోయాయి.

"ఏవండీ, ఏవండీ" అని ఎంత పిలిచినా పలకలేదు. ఏలూరులో పెరిగిన నాకు ఈత రాదు. తాడు వదిలేసి, గెడను ఆకుల మధ్యకు దించి అటూ ఇటూ వెతికాను. కాసేపటికి గెడ బరువెక్కింది. దాన్ని పట్టుకుని ఆయన రొప్పుతూ పైకొచ్చారు.

"చేప పోయిందా?" అన్నారు.

"పోతే పోయిందండీ, మీరు దొరికారు" అన్నాను ఏడుస్తూ.

పెళ్లిలో ఆయన చేయి పట్టుకున్నాను గానీ, ఆయన నా మనిషని నాకు తెలిసింది మాత్రం ఆ ఉదయమే.