భాషల బుడిపె

మొన్న సత్తెనపల్లి బస్టాండులో మాచర్ల బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టి, "మీ రెంటచింతల టీచరమ్మ పోయిందమ్మా" అన్నాడు. బడికి వెళ్లాల్సినదాన్ని, ఆ బస్సే ఎక్కేశాను. దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను. ఇవాళ నేను పిల్లలకు చెప్పే ఇంగ్లీషు పాఠం ఆవిడ పెట్టిన భిక్ష.

మా ఊరి చర్చికి పరాయి దేశాల నుంచి కొత్తగా వచ్చే ఫాదర్లకు, సిస్టర్లకు టీచరమ్మే తెలుగు నేర్పేది. పాఠం రాకపోతే మిట్టమధ్యాహ్నం అంగడికి పంపి, బేరమాడి వంకాయలు తెమ్మనేది. మా ఊరి ఎండలో నిలబడితే ఎవరికైనా భాష త్వరగా వస్తుందని ఆవిడ నమ్మకం.

ఆవిడకో సరదా ఉండేది. భాషలు ఇట్టే పట్టేసేవాళ్లను మీ దేశంలో ఏమంటారని వచ్చినవాళ్లందరినీ అడిగేది. మంచి చెవి ఉందంటామని ఇంగ్లీషు సిస్టరు చెప్పింది. తలమీద భాషల బుడిపె ఉందంటామన్నారు హాలండు ఫాదరు గారు. "మేమైతే నోరు తిరిగిందంటాం" అని ఆవిడ వాళ్లకు చెప్పేది. ఆ బుడిపె మాట మాత్రం ఆవిడకు తెగ నచ్చేసింది.

నా ఎస్సెల్సీ పరీక్షల సమయానికి మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. కోతల జట్టులో మనిషి తగ్గితే ఆ చోటు వేరే ఇంటికి పోతుంది. అందుకని అమ్మ నన్ను పరీక్షలు మానమంది. సంగతి తెలిసి టీచరమ్మ మా ఇంటికొచ్చి నా తల తడిమింది.

"ఇదిగో చూడు వదినా, భాషల బుడిపె! ఇట్టాంటి పిల్లని మాన్పిస్తావా?"

"అది చిన్నప్పుడు గడపమీద పడితే కట్టిన బుడిపె" అంది అమ్మ. "దాన్ని చూసి జట్టు మేస్త్రి ఊరుకుంటాడా? దీని సాలు ఎవరు కోస్తారు?"

"నేను కోస్తా. బడికి సెలవు పెడతా."

"మీరా? ఏంది టీచరమ్మా ఆ మాటలు!"

"ఏం, నాకు చేతుల్లేవా?"

అమ్మ నన్ను పరీక్షలకు పంపింది. తర్వాత ఎన్నేళ్లకైనా నేను ఆ ఊసెత్తితే, "పోవే, నీకింకేం పన్లేదా" అని కసిరేది టీచరమ్మ.

పరీక్షకు మాచర్ల వెళ్తూ బస్సు కిటికీలోంచి చేనువైపు చూశాను. జట్టంతా ముందుకు వెళ్లిపోయింది. టీచరమ్మ ఒక్కతే వెనక, నా సాలులో ఉంది. చెమట కళ్లలోకి దిగుతున్నట్టుంది. కారం అంటిన చేతులు రెండూ ఎడంగా పెట్టుకుని, ముఖం భుజానికి రుద్దుకుని, మళ్లీ వంగింది.