మా చిన్నాయన తెల్ల చొక్కా

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన పోయాడని ఆళ్లగడ్డకు కబురొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఊపిరాడక, పడుకోలేక, మంచంలో కూర్చునే పోయాడట. మొదటి బస్సుకే నంద్యాల వెళ్లాను.

ఆయనది పత్తి మిల్లులో పని. లోపల అగ్గిపుల్ల గీయకూడదు కాబట్టి గేటు దాటగానే సిగరెట్టు. మానడానికి పడని పాట్లు లేవు. లవంగాలు నమిలాడు, చింతగింజలు చప్పరించాడు. డెబ్బైల చివర్లో కొన్నాళ్లు నిజంగానే మానాడు. ఆ సంబరంలో చర్చిలో లేచి, దేవుడు నన్ను విడిపించాడని సాక్ష్యం చెప్పాడు. అదే ఆయన కొంప ముంచింది.

ఇక పాస్టరు అయ్యగారు వదిలితేనా! గోస్పాడులో ప్రార్థన కూటమైనా, ఆళ్లగడ్డలో కూటమైనా సాక్ష్యం చెప్పించడానికి వెంటబెట్టుకుని పోయేవారు. పదిమందిలో మాట్లాడాలంటే చిన్నాయనకు వణుకు. అది ఆగడానికి పందిరి వెనక్కి పోయి ఒకటి ముట్టించేవాడు. మానానని చెప్పడానికి తాగేవాడు! ఒకసారి అయ్యగారు ఎదురైతే, మండే సిగరెట్టును జేబులో కుక్కుకున్నాడు. కాలిన తెల్ల చొక్కాకు మాసిక వేస్తూ చిన్నమ్మ తిట్టింది.

"తోలు గూడ కాలినాది సూడు. నిజం జెప్పేయరాదా?"

"జెప్తే దేవున్ని అబద్దం జేసినట్లయితాది గదే."

అయినా ఆళ్లగడ్డ కూటంలో ఒకరోజు చెప్పేశాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను.

"పొద్దున గూడ తాగినానప్పా. నాతో అయితాల్యా. నాకోసరం ప్రార్థన జేయండి."

మాట పూర్తి కాకముందే అయ్యగారు పాట ఎత్తుకున్నారు. డోలకు మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు, ప్రార్థన మాత్రం ఒక్కరూ చేయలేదు. ఆ తర్వాత ఆయన్ను ఏ కూటానికీ పిలవలేదు.

మానుతూ, మళ్లీ ముట్టిస్తూ, మళ్లీ మానుతూ ఒంటరిగా ఏళ్లు గడిపాడు. నేను పోయినప్పుడల్లా, "ఈ పొద్దు ఇంగా ముట్టియ్యల్యా పాపా" అని బడిపిల్లాడు మార్కులు చెప్పినట్టు చెప్పేవాడు. నేను మెచ్చుకుంటే మొహం వెలిగిపోయేది.

ఇప్పుడు శవపెట్టె దగ్గర అదే అయ్యగారు, "సిగరెట్టును జయించిన మన సోదరుడు" అని మొదలుపెట్టారు. సిగ్గుండాలి!

చిన్నమ్మ తలెత్తింది. "జయించల్యా అయ్యగారూ. సచ్చేదాకా కొట్లాడినాడు. ఆ మాట జెప్పండి."

ఈసారి ఎవరూ పాట ఎత్తుకోలేదు. చిన్నాయన ఛాతీమీద అయ్యగారు పెట్టిన బైబిలు సరిగ్గా జేబును కప్పేసింది. చిన్నమ్మ దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. అప్పటి ఆ తెల్ల చొక్కామీద ఆమె వేసిన మాసిక అందరికీ కనబడింది.