పసుపు పూసిన గుంజలు

మా వీధి పార్కుకి కౌన్సిల్ వాళ్లు నిన్న కొత్త కంచె వేశారు. ఆ పచ్చి వెదురు వాసనకి చిన్ననాటి మైదానం గుర్తొచ్చింది.

మా దీవికి అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు. పిల్లల ఆటస్థలం కోసం పోర్ట్ లూయిస్ నుంచి దొర వచ్చి, చెరకు తోట పక్క ఖాళీ జాగాకి నాలుగు మూలలా వెదురు గుంజలు పాతించాడు. మా పిన్ని పెళ్లి కుదిరిన రోజులవి. అవి పందిరి రాటలనుకుని నేను నాలుగింటికీ పసుపు పూసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టాను.

మర్నాడు విలేజ్ కౌన్సిల్ మెంబరు కూలీలతో వచ్చాడు. ఆయన లారీ తిరగాలంటే రెండు గుంజలు లోపలికి జరగాలట. కౌన్సిల్ ప్లాన్లు కాగితం మీద ఎప్పుడూ చక్కగానే ఉంటాయి. కాదన్నవాళ్లతో నేను వాదిస్తాను. వంకరంతా గుంజల దగ్గరే మొదలవుతుంది.

"పసుపు రాసిన రాట మేం పీకం, మిస్యే. మీరే పీకండి అయ్యా," అన్నారు కూలీలు.

ఆయన గుంజ పట్టుకున్నాడు. గడ్డి కోస్తున్న మా నానమ్మ తలెత్తింది.

"పీకు నాయనా. నీ ఇంట్లోనూ పెళ్లికెదిగిన పిల్ల ఉందిగా."

ఆయన చేతికంటిన పసుపు లాగుకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పెళ్లి పందిరి మా వాకిట్లో వేశారు. నా రాటలు వదిలేశారని నేను పెళ్లిరోజంతా అలిగాను. ఆ మైదానం నేటికీ అంతే వెడల్పు. అక్కడ పిల్లలు కొట్లాడుకుంటూ ఆడుతుంటే, నా పందిరి వృథా పోలేదనిపిస్తుంది.