కండక్టరమ్మ పెరట్లో మూడు మొద్దులు

ఆవిడను వీధిలో అందరూ కండక్టరమ్మ అనేవారు. ఉద్యోగం పోయాక కూడా ఆ పేరు పోలేదు. నడిచే బస్సులో నిలబడి బతికిన మనిషి కాబట్టి, ఆగి ఉన్న నేల మీద నిలబడటం ఆవిడకు చేతకాదు. కూరగాయలు తరుగుతూ నడిచేది, ఫోను మాట్లాడుతూ నడిచేది. భోజనానికి కూర్చుంటే, ఎవరో పిలిచినట్టు రెండో ముద్దకే లేచేది. ఇంట్లో గుమ్మం దాటిన ప్రతిసారీ ఒక చెయ్యి పైకి లేచి, బస్సులో కడ్డీ ఉండే చోట గాలిని వెతికేది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే మళ్ళీ చీకటిపడేదాకా లేవడు. ఆయనకి కుర్చీ అతుక్కుందో, కుర్చీకి ఆయన అతుక్కున్నాడో తెలియదని ఆవిడ అంటుండేది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వాళ్ళ కాపురం ఏ ఒడిదుడుకులూ లేకుండా సాగిందంటే, పగలంతా ఒకరికొకరు కనపడకపోవడమే కారణం.

తరవాత ఆవిడ చూపు తగ్గింది. తగ్గడమంటే మసకబారడం కాదు. అంచుల నుంచి లోపలికి మూసుకుపోయింది. గొట్టంలోంచి చూసినట్టు నేరుగా ఎదురుగా ఉన్నది మాత్రం స్పష్టంగా కనపడుతుంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించగలదు. పక్కన ఏనుగు నిలబడినా తెలియదు. డిపోలో చేసిన పరీక్షలో ఆ సంగతి బయటపడింది. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నది జాగ్రత్తగా కాపాడుకోవాలి, రద్దీ రోడ్ల మీదికి ఒంటరిగా వెళ్ళకూడదు అన్నాడు డాక్టరు.

ఇంట్లో పడ్డాక ఆవిడ పరిస్థితి కాలుగాలిన పిల్లి చందం అయింది. ముందు గది నుంచి వంటగదికి, వంటగది నుంచి ముందు గదికి. ఒకనాడు ఆవిడ అటు వెళ్ళిన విసురుకి బల్ల మీదున్న వెంట్రుకంత స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ఆయన నేలంతా పాకి వెతికాడు.

"నీ కాళ్ళకి చక్రాలేమన్నా కట్టుకున్నావా? ఆ తిరిగేదేదో పెరట్లో తిరగరాదూ?" అన్నాడు లేస్తూ.

"పెరట్లో తిరగడానికి మీ మొద్దులు అడ్డంగా కూర్చుని ఉన్నాయిగా" అంది ఆవిడ.

నిజంగానే ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ మూడు పెద్ద చెట్లు ఉండేవి. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని, వేళ్ళు గోడను పగలదీస్తున్నాయని నరికించారు. నరికినవాళ్ళు మోకాలెత్తున మొదళ్ళు వదిలేసి, "మా పని నేల పైనే, కింద సంగతి మాకు తెలీదు" అని చక్కాపోయారు. రెండు మొద్దులు పెరటి మధ్యలో ఉన్నాయి. మూడోది అన్నిటికన్నా పెద్దది. పక్కింటి గోడకు ఆనుకుని, సగం గోడ కిందికే దూరి ఉంది.

ఆయన మాట మీద ఆవిడ పెరట్లో నడవడం మొదలుపెట్టింది. మొద్దులు ఎక్కడున్నాయో కాళ్ళకు అలవాటైంది. కానీ అలవాటు ధీమా ఇస్తుంది. ఒక పొద్దున ఎవరో గేటు తట్టారని గబుక్కున తిరిగి, మధ్యలో ఉన్న మొద్దుకు తన్నుకుని బోర్లా పడింది. కుడి మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చిన రోజు భర్త ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి, "ఇక కొన్నాళ్ళు కదలకు" అన్నాడు. ఆవిడ కూర్చుంది. కాళ్ళు మాత్రం మంచం కింద ఊగుతూనే ఉన్నాయి. ఆయన టీ తెచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి తల అటూ ఇటూ తిప్పుతూ మొద్దులను ఒక్కొక్కదాన్నే చూస్తోంది.

"వీటిని పీకించేయాలి" అంది.

"చూద్దాంలే."

"చూద్దాంలే అంటే మీ లెక్కలో వచ్చే జన్మ. రేపే."

యంత్రాలు అద్దెకిచ్చే దుకాణం పెద్ద రోడ్డు అవతల ఉంది. మర్నాడు ఆవిడ భర్త మోచెయ్యి పట్టుకుని, ఆయనను తనే లాక్కుంటూ వెళ్ళింది. మొద్దులు తీసే గ్రైండరు కావాలని అడిగింది.

దుకాణదారు ఒక మూల నుంచి దాన్ని దొర్లించుకొచ్చాడు. రెండు చక్రాల బండి, పైన పెట్రోలు ఇంజను, ముందు నిలువుగా తిరిగే పళ్ళ చక్రం. ఒక్కో పన్నూ బొటనవేలంత ఉంది.

"మొద్దు మీద దీన్ని అటూ ఇటూ ఊపుతూ కొద్దికొద్దిగా కిందికి దించాలమ్మా. చెక్కంతా పొట్టుపొట్టు అయిపోతుంది. కానీ దీన్ని నడిపే మనిషి ఊళ్ళో లేడు. వచ్చే నెల వస్తాడు."

"వచ్చే నెలా?" ఆ మాట ఆవిడకు వచ్చే ఏడు అన్నట్టు వినిపించింది. "ఈయన నడుపుతారు."

గడియారాలాయన ఉలిక్కిపడ్డాడు. "నేనా? నా చేతులు స్ప్రింగులు పట్టుకునే చేతులే! ఇది పడితే ఎగిరిపోతాను!"

"పళ్ళ చక్రాలే కదండీ రెండూ. ఇది కాస్త పెద్దది, అంతే."

దుకాణదారు నవ్వాపుకోలేకపోయాడు. కళ్ళద్దాలు, చెవులకు పెట్టుకునే డిప్పలు ఇచ్చి, ఎలా నడపాలో చూపించాడు. మొద్దు చుట్టూ మట్టి తవ్వి రాళ్ళు ఏరెయ్యమన్నాడు, యంత్రం నడిచేటప్పుడు దరిదాపుల్లోకి ఎవరినీ రానివ్వద్దన్నాడు.

ఇంటికి తెచ్చాక ఆయన పని ఆయన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. గునపంతో చుట్టూ తవ్వి, చిన్న రాయి కూడా వదలకుండా ఏరాడు. ఆవిడ కోసం దూరంగా, ఇంటి గోడ దగ్గర కుర్చీ వేశాడు. "అందులోంచి లేచావో, నేను దీన్ని ఆపేస్తాను" అని బెదిరించాడు. ఆవిడ కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుంది.

ఇంజను అంటుకోగానే ఇల్లు అదిరింది. మొదటి మొద్దు మీద పళ్ళు ఆనగానే యంత్రం ఆయనను అడుగు దూరం వెనక్కి నెట్టింది. ఆయన బెదిరిపోయి ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మెల్లగా పట్టు దొరికింది. గట్టిగా పట్టుకుని తొయ్యడం కాదు, అది పోయే దారిన పోనిస్తూ పక్కకు తిప్పాలని చేతులకు తెలిసింది. చెక్కపొట్టు జల్లులా ఎగిరి ఆయన బూట్ల మీద గుట్టలు పడింది. మొదటిది నేలలో కలిసిపోయింది. ఆ ఊపులో రెండోదీ అయింది.

"నాలుగు మొద్దుల్లో రెండు పోయాయి" అంది ఆవిడ, ఆయన నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు.

"నాలుగేమిటి? మూడే కదా!"

"మూడు పెరట్లో. ఒకటి ముందు గదిలో, బల్ల దగ్గర."

ఆయన నవ్వాడు కానీ, మూడో మొద్దు వైపు చూసి నవ్వు ఆపాడు. "దానికి అమ్మాయిని అడగాలి."

అమ్మాయంటే పక్కింట్లో ఉండే ఆయన తమ్ముడి భార్య, కండక్టరమ్మకు తోడికోడలు. అన్నదమ్ములు పెరడు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నా, ఆడవాళ్ళిద్దరూ గోడ మీదుగా పప్పూ ఉప్పూ ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ రాకపోకలు ఒకే రోజు తెగిపోయాయి. తోడికోడలి తల్లికి ఆసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చిందని కబురు వచ్చింది. ఆమె చెయ్యి ఊపుకుంటూ, కేకలు వేసుకుంటూ బస్సు కోసం పరిగెత్తింది. మెట్టు మీద నిలబడ్డది సాక్షాత్తూ సొంత తోడికోడలు. అయినా కండక్టరమ్మ బెల్లు కొట్టింది. బస్సు కదిలిపోయింది. తరవాతి బస్సులో వెళ్ళేసరికి తల్లికి మాట పడిపోయింది. ఆ మాట మళ్ళీ రాకుండానే పోయింది.

ఎందుకలా చేశావని అందరూ అడిగారు. కండక్టరమ్మ, "బస్సు అప్పటికే ఆలస్యమైంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. అప్పటి నుంచి తోడికోడలి నోట 'అక్క' పోయి 'ఆవిడ' వచ్చింది. ఈమధ్య ఆవిడకు చూపు పోయిందని వీధిలో జాలిపడినప్పుడు కూడా, "సూదిలో దారం ఎక్కించే మనిషికి చూపు లేదట! చోద్యం" అని కొట్టిపారేసింది.

"అడిగితే ఆమె ఒప్పుకోదు. గోడకు ఇవతల ఉన్నంత వరకే తీయండి" అంది కండక్టరమ్మ.

ఆయన తీశాడు. కానీ వేరుకు గోడలు తెలియవు. పళ్ళు లోపలికి దిగేకొద్దీ మొద్దంతా అదిరింది, దానితో గోడా అదిరింది. ముందే పగిలి ఉన్న చోట ఇటుకలు వదులై, నాలుగైదు దబ్బున పడ్డాయి. కళ్ళద్దాల మీద పొట్టు పేరుకుని, చెవులకు డిప్పలు ఉన్న ఆయనకు ఆ సంగతే తెలియలేదు. కండక్టరమ్మకు తెలిసింది. నేరుగా ఎదురుగా పడిన ఇటుకలు ఆవిడకు కనపడ్డాయి. యంత్రానికి అడ్డం పడతాయేమోనని కుర్చీ వదిలేసి ముందుకు నడిచింది.

అప్పటికే తోడికోడలు వెనక దారిన ఈ పెరట్లోకి వచ్చేసింది. "ఆపండి! గోడ కూలుతోంది, ఆపండి!" అని అరుస్తోంది. ఇంజను హోరులో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. కండక్టరమ్మ ఆమె పక్క నుంచే నడిచి వెళ్తోంది. తోడికోడలు ఆవిడ చెవి దగ్గరే చెయ్యి ఊపింది. కండక్టరమ్మ తల తిప్పలేదు. పొగరని ఆమెకు ఒళ్ళు మండింది. కానీ ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఆ పళ్ళ చక్రమే. ఆమె పరుగున వెళ్ళి, పక్క నుంచే ఆవిడ రొమ్ముకు అడ్డంగా చెయ్యి చాచింది. కండక్టరమ్మ నేరుగా వచ్చి ఆ చేతికి గుద్దుకుంది. కెవ్వున అరిచి, కట్టు కట్టిన చేత్తోనే గాలిలో తడుముకుంది.

ఆయన ఆ కదలిక చూసి ఇంజను ఆపేశాడు.

"ఎవరు? ఎవరది?" అంటోంది కండక్టరమ్మ, తల వేగంగా అటూ ఇటూ తిప్పుతూ.

తోడికోడలు కదలకుండా ఆమెనే చూసింది. "ఇక్కడే ఉన్నా. ఇందాకట్నించీ నీ పక్కనే ఉన్నా. చెయ్యి కూడా ఊపాను. కనపళ్ళేదా?"

"లేదు."

"చెవి పక్కన ఊపితే కూడానా?"

"ఎదురుగా వస్తేనే కనపడుతుంది."

తోడికోడలి ముఖంలో ఏదో మారింది. అడగాలా వద్దా అన్నట్టు ఆగి, అడిగేసింది. "అయితే ఆ రోజు? బస్సు దగ్గర?"

కండక్టరమ్మ కాళ్ళు కదలడం మానేశాయి. "ఆ రోజు కూడా. నువ్వు పక్క నుంచి వచ్చావట. బస్సు హోరులో నీ కేకలూ వినపడలేదు. ఎవరో చెప్తే సాయంత్రం తెలిసింది."

"మరి చెప్పలేదేం? ఇన్నేళ్ళు నన్ను పగ పెట్టుకోనిచ్చావా?"

"పగైతే నీ దగ్గరే ఉంటుంది. నిజం చెప్తే డిపో దాకా పోతుంది. ఉద్యోగం ఊడిపోతుందని భయపడ్డాను. ఆ తరవాత ప్రతి స్టాపులోనూ కిందికి దిగి, చుట్టూ తిరిగి చూసుకుని గానీ బెల్లు కొట్టలేదు. అందరూ నన్ను చాదస్తమని తిట్టుకునేవారు."

గడియారాలాయన చెవుల డిప్పలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది.

తోడికోడలు వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆయన యంత్రం కట్టిపెట్టడానికి వంగాడు. ఇంతలో గోడ అవతల టంగుమని చప్పుడైంది. ఇంకో ఇటుక పడింది, మరొకటి పడింది. కన్నం పెద్దదైంది. అందులోంచి గునపం పట్టుకున్న తోడికోడలు కనపడింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది. కన్నీళ్ళు తుడుచుకునే తీరిక లేనట్టు ఇటుకలు ఊడదీస్తోంది.

"సగం తీసి సగం వదిలేస్తే ఎలా బావగారూ? ఆ మిషను ఇటు తిప్పండి" అంది.

చీకటిపడే ముందే మూడో మొద్దు పోయింది. ఆ తరవాత కొన్ని రోజులు గడియారాలాయన చేతులు వణికాయి. చిన్న స్క్రూ కూడా పట్టుకోలేక ఊరికే బల్ల ముందు కూర్చున్నాడు. కండక్టరమ్మ పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. గోడలో కన్నం ఉంది కాబట్టి, నడక అవతలి పెరట్లోకి కూడా పోయింది. కన్నం పూడ్చేద్దామని మరిది ఒకటి రెండుసార్లు అన్నాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సిమెంటు కలపలేదు.

అంతా సర్దుకుపోయిందని చెప్పడానికి లేదు. తోడికోడలు ఒకరోజు పక్కన నడుస్తూ వీధి కబుర్లన్నీ చెప్పేది. మర్నాడు తలుపు వేసుకుని బయటికే వచ్చేది కాదు. ఒక పొద్దున నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రోజు బస్సులో ఖాళీ ఉందా?"

లేదని చెప్పడం తేలిక. "ఉంది" అంది కండక్టరమ్మ.

తోడికోడలు వెనక్కి తిరిగి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. తరవాత ఎన్నో రోజులు కనపడలేదు. కండక్టరమ్మ నడక ఆ రోజుల్లో మరీ ఎక్కువైంది. కన్నం దాకా వెళ్ళి, ఎదురుగా కనపడేంత మేర చూసి, మళ్ళీ తిరిగేది.

ఇంతలో మొద్దులున్న చోట నేల కుంగడం మొదలైంది. పొట్టు కుళ్ళి, పైన కప్పిన మట్టి లోపలికి దిగిపోతోంది. మూడో మొద్దు చోట పాదం చీలమండ దాకా దిగబడుతోంది.

"వానలు పడనీ. ఒకసారి పూర్తిగా కుంగాక మట్టి పోయిద్దాం" అన్నాడు భర్త.

"వానలొచ్చేదాకా ఎవరు కూర్చుంటారండీ?" అని ఆవిడ బాగుపడిన చేత్తో మట్టితట్ట పట్టుకుంది. గుంటలో తట్ట బోర్లించి, పైకెక్కి తొక్కింది. అవతలి వైపు నుంచి ఒక పార మట్టి వచ్చి ఆవిడ పాదాల ముందు పడింది.

"ఎదురుగానే ఉన్నా, అక్కా. కొంచెం జరుగు" అంది తోడికోడలు. మరో పార మట్టి వేసింది.