మావయ్య రాసిన కమలాతొక్క లేబుల్

మా మావయ్య బీరు సీసాల మీద లేబుళ్లు రాసేవాడు. బొమ్మలు కాదు, మాటలు. సీసా వెనక అగ్గిపెట్టెంత చోటులో మూడు నాలుగు వాక్యాలు. ఈ సంగతి చెబితే జనం "అదీ ఒక ఉద్యోగమేనా?" అని నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. నలభై పేజీల కథ ఎవడైనా రాస్తాడు. అగ్గిపెట్టెంత చోటులో రాసి, మూత తీయబోయేవాడి చేతిని ఒక్క క్షణం ఆపమనండి చూద్దాం.

అదొక చిన్న బ్రూవరీ. రేకుల షెడ్డు, ఆరు స్టీలు ట్యాంకులు, పన్నెండు మందిమి. చదువు అబ్బక ఇంట్లో కూర్చున్న నన్ను మావయ్యే తీసుకెళ్లి లేబుళ్లు అంటించే మిషను ముందు కూర్చోబెట్టాడు. మెట్ల కింద ఆయన గది. ఒక బల్ల, ఒక కిటికీ, గోడంతా పాత లేబుళ్లు. నల్ల బీరుకు ఆయన రాసింది నాకిప్పటికీ నోటికొచ్చు: "మాడిన రొట్టెను అమ్మ గీకి పెట్టేది. గీకిన ఆ మాడునే మేం దొంగతనంగా తినేవాళ్లం. అదే ఇది." పొద్దున్నే షెడ్డులో ఉడికే బార్లీ వాసన ఇప్పుడెక్కడైనా గాలిలో తగిలిందంటే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

బీరు కాచేది మేస్త్రి. మనిషి భారీ, నోరు అంతకంటే భారీ. ఆయనకూ మావయ్యకూ మొదటి రోజు నుంచీ ఒక పంతం. ట్యాంకులో ఏం వేశాడో మేస్త్రి చచ్చినా చెప్పడు. సరుకుల చీటీ కూడా జేబులో దాచుకునేవాడు. గ్లాసులో నాలుగు గుక్కలు పట్టి తెచ్చి, "చెప్పండి రచయిత గారూ, ఏం తగిలింది?" అనేవాడు. మావయ్య వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, గదిలోకి వెళ్లిపోయేవాడు. మర్నాడు భోజనాల వేళ అందరి ముందూ లేబుల్ చదివేవాడు. తేనె వేస్తే తేనె, మిరియాలు వేస్తే మిరియాలు, ఏదీ తప్పిపోయేది కాదు. "సరే, అచ్చుకి పంపండి" అని మేస్త్రి అంటే చాలు, మావయ్యకు ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆగేవి కావు.

ఒక ఏడు ఆయనకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. జ్వరం పోతూ పోతూ వాసనను కూడా వెంట పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. పనిలోకి వచ్చిన రోజే నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఏమే, నా ముక్కు పోయిందే. మేస్త్రికి తెలిస్తే ఈ బల్ల నాకుండదు."

పాతికేళ్లు ఆ బల్ల దగ్గరే బతికిన మనిషి. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఇద్దరం దొంగలమయ్యాం. మా అదృష్టం కొద్దీ ఆ రోజుల్లోనే మేస్త్రి సరుకుల చీటీని సామాన్ల గది తలుపుకు తగిలించడం మొదలుపెట్టాడు. నేను అటు వెళ్తూ చదివొచ్చి మావయ్య చెవిన వేసేదాన్ని. ఆయన గ్లాసు ఎత్తి, కళ్లు మూసుకుని, వాసన పీల్చినట్టు నటించేవాడు. చూడలేక నేను మిషను వైపు తిరిగేదాన్ని. లేబుళ్లు మాత్రం మునుపటికంటే బాగా కుదిరేవి. చిన్నప్పటి వాసనలన్నీ ఒక్కొక్కటిగా తవ్వి తీసి రాసేవాడు.

ఆ ఏడు వానల్లో చీటీ మీద కమలాతొక్క అని ఉంది. చెప్పాను. మర్నాడు మావయ్య చదివాడు: "బడి సంచిలో కమలాపండు దాస్తే ముందు మన ముక్కుకు తెలిసేది, తర్వాత పక్కవాడికి. ఈ సీసా మూత తీస్తే పక్కింటికి తెలుస్తుంది. గ్లాసులు రెండు పెట్టుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి ఒకసారి ట్యాంకు వైపు తిరిగి చూశాడు. తర్వాత "సరే, అచ్చుకి పంపండి" అన్నాడు.

మర్నాడు మావయ్య లేబుల్ పట్టుకుని ప్రెస్సుకు వెళ్లాడు. నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ట్యాంకుల మధ్య మేస్త్రి పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన మూడు బుట్టల కమలాపళ్లు, చేతిలో కత్తి.

"ఇదేంటి మేస్త్రీ?"

"తొక్క రాలేదమ్మాయ్. వానకి లారీ ఆగిపోయింది. అది లేకుండానే కాచేశా. చీటీలో కొట్టేయడం మర్చిపోయా."

చీటీలో ఉన్నది తెప్పించమన్న సరుకు. అది వచ్చిందో రాలేదో నేను చూడనేలేదు. తప్పు నాది, పోయేది మావయ్య బల్ల.

"అంటే... మీకు తెలుసా?"

"జ్వరం తగ్గి వచ్చిన వారంలోనే తెలిసింది. పాడైన బీరు పొరపాటున ఇస్తే బ్రహ్మాండం అన్నాడు. ఆ చీటీ తలుపుకి ఎవరి కోసం తగిలించాననుకున్నావ్?"

"లేబుల్ మార్చమని చెప్పాల్సింది కదా!"

"ఎందుకు మార్చాలి? ఇన్నేళ్లలో ఆయన నా బీరు మీద ఒక్క అబద్ధం రాయలేదు. ఇప్పుడు రాయనిస్తానా? ఇంకా సీసాల్లో పోయలేదుగా. ఆ కత్తి అందుకో."

సాయంత్రం దాకా ఒలిచాం. ఒలిచిన తొక్కంతా ట్యాంకులోకి వెళ్లింది. ఇంటికి వెళ్లే బస్సులో నా చేతుల వాసనకు ముందు సీటులో చంటిది పదేపదే వెనక్కి తిరిగి చూసింది. దారిలో అదే బస్సెక్కి పక్కన కూర్చున్న మావయ్య మాత్రం ప్రెస్సులో అక్షరాలు ఎంత బాగా పడ్డాయో చెబుతూనే ఉన్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. జల్లు కొడుతోందనుకుని ఆయన కిటికీ మూశాడు.

తర్వాతి బ్యాచ్‌కి మేస్త్రి గ్లాసుతో మావయ్య గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. ఆ రోజు నుంచి సామాన్ల గది తలుపు మీద చీటీ లేదు. నాకు ఏమీ అర్థం కాలేదు. సాయంత్రం బస్‌స్టాపులో మావయ్యే నన్ను పక్కకు పిలిచాడు.

"మేస్త్రికి ముక్కు సరిగ్గా పనిచేయట్లేదటే. ఇకనుంచి ఏం వేశాడో మొత్తం నాకు చెబుతాడట, సరిగ్గా తగులుతోందో లేదో నన్ను చూసి పెట్టమన్నాడు. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడే. నీకు చెప్పానని తెలియనీకు. ఎవరితోనూ అనకు. అంత పనిమంతుడు, ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"అనను మావయ్యా" అన్నాను.

ఇద్దరూ పోయారు కనుక ఇప్పుడు అంటున్నాను.