మాస్టారి ఎర్ర బండి

మొన్న పొద్దున్నే పక్కింటి పనమ్మాయి గేటు దగ్గరకొచ్చి పిలిచింది. "మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ" అంది. నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తాను. కారు తుడుద్దామని బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని, వరండా మెట్టు మీద కూర్చుని, ఇక లేవలేదట. బకెట్టు అక్కడే ఉంది. ఎదురుగా ఆ ఎర్ర కారు. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయిన చోట కారు మీద కోపమేమిటని మీరనుకోవచ్చు. అందుకే ఇదంతా చెప్పడం.

ఆయన తాడేపల్లిగూడెంలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఉద్యోగం వచ్చాక నేను వాళ్ళ పక్కింట్లోనే అద్దెకు దిగాను. క్లాసులో చిన్నపిల్లల్ని కూడా "కూర్చోండి" అని మర్యాదగా పలకరించే మనిషి. లెక్క తప్పితే కొట్టడం, తిట్టడం లేదు. "మీ జవాబు బాగానే ఉందండీ, ప్రశ్నే వేరు" అనేవారు. ఎవరి మనసూ నొప్పించడం చేతకాదు.

అంత మెత్తని మనిషీ స్టీరింగు పట్టుకుంటే మారిపోయేవారు. రిటైరయ్యే ముందు మోజుపడి కొనుక్కున్న కారు అది. చూడ్డానికి ఇంతే ఉంటుంది, నేలకి కరుచుకుని పోతుంది. ఇంజను మాత్రం పెద్ద కార్లకి పెట్టేది. హైవే ఎక్కితే ఉంగుటూరు ఎప్పుడు దాటామో తెలిసేది కాదు. "బండి అన్నాక కాలు ఆనించగానే మాట వినాలండీ" అనేవారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కుర్రతనం కనిపించేది.

కారు ముసలిదైంది. తలుపుల కింద తుప్పు, వెనకాల పొగ. మాస్టారి భార్య, మా అమ్మగారి మోకాళ్ళు కూడా అరిగిపోయాయి. అంత కిందకి దిగి కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. ఆయన ఇటు తిరిగొచ్చి తలుపు తీసి "రెడీయేనా?" అనేవారు. ఆవిడ "ఊఁ" అని రెండు చేతులూ చాచేది. ఆయన వెనక్కి వాలి, బావిలోంచి నీళ్ళు తోడినట్టు లాగేవారు. నేను సాయం పోతే, "మీరు పడితే ఆవిడకి సిగ్గండీ" అని ఆపేసేవారు. ఏలూరులో గుండె డాక్టరు ఆయన్ని బరువులెత్తొద్దని చెప్పాక కూడా అంతే. ఆ రోజు హాస్పిటలు ముందే, నా కళ్ళ ముందే లాగారు. నేను చెట్టంత మనిషిని, పక్కన నిలబడి చూశాను.

అందుకే ఎత్తు కారు కోసం వేట మొదలుపెట్టాం. ఆయన దగ్గరున్న డబ్బుకి కొత్తది రాదు, వాడినదే చూసుకోవాలి. కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టించేసిన ఏడాది అది. ఆ వైపు వాళ్ళు కార్లు అమ్ముకుంటున్నారంటే కైకలూరు దాకా వెళ్ళాం. మొదటి కారు నిగనిగలాడుతోంది. తలుపు తీస్తే లోపల చేపల మేత కంపు. ఆయన ముక్కు మూసుకోలేదు సరికదా, "చక్కగా ఉంచుకున్నారండీ" అని చెప్పి బయటికొచ్చారు. ఇంకోదాని సీటుబెల్టు పూర్తిగా లాగి చూస్తే చివర ఒండ్రుమట్టి చార. వరదలో మునిగిన బండి. దాని యజమానికి కూడా నమస్కారం పెట్టి వచ్చారు. ఇంకోటి డీజిలుది, ఎంత తొక్కినా నింపాదిగానే కదిలేది. "ఇది కారు కాదండీ, నడిచే గది" అని నాతో గొణిగారు. నాకు విసుగొచ్చేది, నవ్వూ వచ్చేది.

చివరికి ఏలూరులో ఒక పాత కార్ల బేరగాడి దగ్గర మంచిది దొరికింది. ఎత్తు సీటు, పెద్ద తలుపు. నడిపి చూద్దామని కొల్లేరు గట్టు మీదకి పోనిచ్చాం. ఆదివారాలు వాళ్ళిద్దరూ ఎర్ర కారులో అక్కడికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ దిగలేదు కాబట్టి, గట్టు మీద గడ్డి తప్ప ఏమీ కనపడేది కాదు. ఆయనే బయట నిలబడి, ఇప్పుడు తెల్ల పిట్టలు వచ్చాయి, ఇప్పుడు లేచాయి అని చెప్పేవారు. ఆ రోజు ఆవిడ అద్దంలోంచి చూసి, "ఏవండీ, నీళ్ళు కనపడుతున్నాయి" అంది. ఆయన అక్కడికక్కడే బేరం ఒప్పుకున్నారు.

వాళ్ళ చర్చి సంఘంలో కొత్త బండి కొంటే ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందు పెట్టి ప్రార్థన చేయిస్తారు. పెంటపాడు గుడికి బండి నేరుగా తెస్తానన్నాడు బేరగాడు. మాస్టారు పాతదాన్ని కడిగి మెరిపించి, కొత్తదానికి వేద్దామని అమ్మగారు కట్టిన బంతిపూల దండ ఈ పాతదాని ముందు అద్దం దగ్గర పెట్టుకుని వచ్చారు. బేరగాడికి దారిలో టైరు పంక్చరైంది. పాస్టరు గారు ఊరికి కొత్త, పైగా ఇంకో ప్రార్థన కూటానికి వెళ్ళే తొందర. బయటికొచ్చి దండ చూశారు, మెరుపు చూశారు, ఎర్ర కారు బానెట్టు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. "ఈ నూతన వాహనమును ఆశీర్వదించుము తండ్రీ" అని మొదలుపెట్టారు.

ప్రార్థన మధ్యలో ఎవరు ఆపుతారు? అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచి చూస్తే మాస్టారు కూడా తెరిచే ఉన్నారు. నా వైపు చూసి, మెల్లగా మూసేసుకున్నారు. ఆమెన్ అన్నారు.

అసలు బండి వచ్చేసరికి పాస్టరు గారు వెళ్ళిపోయారు. మళ్ళీ పిలిచి చేయిద్దామన్నాను. "పొరపాటని చెప్పాలి గదండీ. కొత్తగా వచ్చారు, పదిమందిలో చిన్నబోతారు" అన్నారు. పాతది అమ్మేసి, ప్రార్థన లేకుండానే కొత్తది కొనండి అన్నాను. "ఆశీర్వాదం ఈ ఎర్రదానికి, అమ్మేదీ దీన్నేనా?" అన్నారు. అమ్మగారి వైపు తిరిగాను. ఆవిడ, "పోనివ్వండి బాబూ. ఆయన మొహం చూడండి, ఎంత తేలికపడ్డారో" అంది. ఇక నేనెవరితో పోట్లాడను? ఆ ఎత్తు కారుని తణుకు వాళ్ళెవరో కొనుక్కుపోయారు. ఆ తరవాత ఎప్పుడు ఇంకో కారు మాటెత్తినా "చూద్దామండీ" అనేవారు. ఆయన నోట ఆ మాటకి వద్దనే అర్థం. రోజూ గోడ మీదుగా "రెడీయేనా?" అని వినపడేది.

ఆయన మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. నాకు నాలుగు అంకెలే కాదు, నాలుగు మంచి మాటలూ వచ్చాయంటే ఆయన చలవే. కానీ ఎదుటివాళ్ళు చిన్నబోతారని తన ప్రాణం మీదకి తెచ్చుకునే మంచితనాన్ని ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సమాధుల తోటకి అమ్మగారిని తీసుకెళ్ళడానికి, ఎత్తు సీటున్న కారే కావాలని పట్టుబట్టి మా ఆఫీసాయన కారు తెప్పించాను. ఆవిడ ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. తోట దగ్గర నేను తలుపు తీశాను. కాలు దించితే చాలు, నేల అందుతుంది. ఆవిడ కదల్లేదు. నా వైపు చూడకుండా "ఊఁ" అని, రెండు చేతులూ బయటికి చాచి కూర్చుంది.